చైనా బేకరీలో ఏమి అడిగి, ఎలా కొనాలి

విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా, గుంటూరు బ్రాడీపేటలోనైనా చైనా తిండి అంటే సాయంత్రం బండి మీద వేడివేడిగా కలిపి ఇచ్చే నూడుల్స్, ఫ్రైడ్ రైస్, మంచూరియా, ఈ మధ్య కాలంలో మోమోలు. వీటిలో మంచూరియా 1975లో ముంబయిలో, కోల్‌కతాలో పుట్టిన నెల్సన్ వాంగ్ చేతిలో రూపుదిద్దుకొన్నదని ప్రసిద్ధి. మోమో టిబెట్, నేపాల్ ప్రాంతాలది. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రం నుంచి, హాంకాంగ్ నుంచి వలస వెళ్ళినవారు ప్రపంచమంతటా పెట్టుకొన్న బేకరీలలో ఈ రెండింటిలో ఏదీ సాధారణంగా ఉండదు. కాబట్టి న్యూజెర్సీలోనో సింగపూర్‌లోనో ఉన్న పిల్లల దగ్గరకు కొన్ని నెలలు ఉండి రావడానికి వెళ్ళే మన ప్రాంతపు పెద్దవారు, శనివారం పూట పిల్లలు చైనాటౌన్‌కు తీసుకువెళ్ళినప్పుడు, ఒక కొత్త లోకంలో అడుగుపెట్టినట్లే లెక్క. కొందరు భయపడి కాఫీతో సరిపెట్టుకొని వస్తారు. మరికొందరు చూడటానికి తీపి బన్నులాగా ఉన్నదేదో తీసుకొని, సగం తిన్న తరువాత లోపల పంది మాంసం ఉన్నదని తెలిసి ఆ పూటంతా బాధపడతారు. ఈ రెండు అవస్థలూ తప్పించుకోవడం కష్టమేమీ కాదు.

ముందుగా బేకరీ వేరు, డిమ్ సమ్ తినే టీశాల వేరు అని గుర్తించాలి. బేకరీలో ఓవెన్‌లో కాల్చిన బన్నులు, పేస్ట్రీలు, బిస్కెట్లు, కేకులు ఉంటాయి. నిలబడి కొనుక్కొని వెళ్ళిపోతారు. డిమ్ సమ్ అనేది టీతోపాటు తినే చిన్న చిన్న వంటకాల వరుస. వాటిలో ఎక్కువ భాగం వెదురు బుట్టల్లో ఆవిరి మీద ఉడికినవి, కొన్ని నూనెలో వేగినవి, కొన్ని కాల్చినవి. వాటిని నలుగురు కూర్చొని పంచుకొని తింటారు. అలా వెళ్ళడాన్ని గ్వాంగ్‌డాంగ్, హాంకాంగ్‌లవారు మాట్లాడే కాంటనీస్ భాషలో యమ్ చా, అంటే టీ తాగడం, అంటారు. అయితే ఈ రెండు వ్యాపారాల మధ్య గోడ ఎప్పుడూ పల్చనిదే. న్యూయార్క్ చైనాటౌన్‌లోని డోయర్స్ వీధిలో 1920లో తెరిచిన నామ్ వా అనే దుకాణం బేకరీగా, టీశాలగా మొదలై, బాదం బిస్కెట్లకూ మూన్‌కేకులకూ పేరు తెచ్చుకొని, నేడు డిమ్ సమ్‌కు ప్రసిద్ధమైనది. శాన్ ఫ్రాన్సిస్కోలోని స్టాక్టన్ వీధిలో ఒకే గాజు బల్ల వెనుక ఒకవైపు ఎగ్ టార్టులు (చిన్న పిండి గిన్నెలో గుడ్డు కస్టర్డ్ పోసి కాల్చినవి), మరొకవైపు ఆవిరి బుట్టల్లో మోమోలలాంటి రొయ్యల డంప్లింగులు పెట్టి, పెట్టెలో కట్టి ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. మొదటిసారి వెళ్ళేవారికి ఇటువంటి దుకాణమే మంచిది. రెండు రకాలనూ కొద్దికొద్దిగా కొని, ఇంటికి తెచ్చుకొని నింపాదిగా రుచి చూడవచ్చు.

లోపలి పూర్ణం కన్నా పైపిండి గురించి ముందు అడగాలి

మన శాకాహారులు సాధారణంగా లోపల ఏమున్నదని మాత్రమే అడుగుతారు. చైనా బేకరీలో ఆ ఒక్క ప్రశ్న చాలదు. అక్కడి పొరల పేస్ట్రీ రెండు ముద్దలతో తయారవుతుంది. ఒకటి పిండి, నీరు, కొవ్వు కలిపినది. రెండవది పిండి, కొవ్వు మాత్రమే కలిపినది. మొదటి దానిలో రెండవ దానిని చుట్టి, వత్తి, మడిచి, మళ్ళీ వత్తితే కాలేటప్పుడు పొరలు విడిపోతాయి. తాపేశ్వరం మడత కాజా ఎలా విచ్చుకొంటుందో తెలిసినవారికి ఈ పని సులువుగా అర్థమవుతుంది. సంప్రదాయంగా ఆ కొవ్వు పంది కొవ్వు. పొరలు అంత పలుచగా, గరగరలాడుతూ రావడానికి అదే కారణమని పాత పనివారు నేటికీ దానిని వదలరు. కొన్ని దుకాణాలు వెన్న, మార్జరిన్, వనస్పతి వాడుతున్నాయి. ఏ దుకాణం ఏది వాడుతున్నదో చూపుతో చెప్పడం అసాధ్యం. తెల్లగా మెత్తగా ఆవిరిలో ఉడికిన బన్ను పిండిలో కూడా కొందరు ఈ కొవ్వును కలుపుతారు.

అందువలన పంది కొవ్వుకు ఇంగ్లీషులో వాడే లార్డ్ (lard) అన్న మాటను గుర్తుపెట్టుకొని, పిండిలో లార్డ్ ఉందా, లోపల మాంసం ఉందా, గుడ్డు ఉందా అని వేరువేరుగా మూడు ప్రశ్నలు అడగాలి. బల్ల వెనుక ఉన్న పెద్దావిడకు ఇంగ్లీషు అంతగా రాకపోవచ్చు. అటువంటప్పుడు ఇంటి దగ్గరే అబ్బాయి చేతనో కోడలి చేతనో ఈ మూడు ప్రశ్నలను చైనా లిపిలో ఫోనులో రాయించుకొని వెళ్ళి చూపించడం ఉత్తమం. శాకాహారాన్ని కాంటనీస్‌లో జాయ్ అని, చైనా అధికార భాష అయిన మాండరిన్‌లో సూ అని అంటారు. ఇది బౌద్ధుల ఆహార నియమం నుంచి వచ్చిన మాట కాబట్టి, అక్కడివారికి మన అభ్యంతరం వింతగా తోచదు. బౌద్ధ శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి కూడా నిషిద్ధమే కనుక, ఇంట్లో వెల్లుల్లి ముట్టని పెద్దవారికి బౌద్ధ శాకాహార బేకరీ దొరికితే అంతకన్నా నిశ్చింత మరొకటి లేదు. ముస్లిం పాఠకులు సింగపూర్‌లో మూయిస్ సంస్థ ఇచ్చే హలాల్ గుర్తును చూసి వెళ్ళాలి. ఆ గుర్తు లేని చోట తీపి పేస్ట్రీని సైతం అడగకుండా తీసుకోకూడదు.

గుడ్డు విషయంలో ఒక మాట ముందే ఒప్పుకోవాలి. గుడ్డు కూడా తినని వారికి సాధారణ చైనా బేకరీలో దొరికేవి బహు తక్కువ. బన్నుల మీద కనిపించే ఆ బంగారు మెరుపు గుడ్డు సొన పూయడం వలన వచ్చినదే.

కొన్ని వంటకాలు చూడటానికి శాకాహారమనిపించి మోసం చేస్తాయి. ముల్లంగి కేకు అనే లో బాక్ గో అందులో ముఖ్యమైనది. తురిమిన ముల్లంగిని బియ్యప్పిండితో కలిపి ఆవిరి పట్టి, ముక్కలు కోసి పెనం మీద ఎర్రగా కాలుస్తారు. పేరు విని శాకాహారులు చేయి చాస్తారు, కానీ అందులో ఎండురొయ్యలు, పంది మాంసంతో చేసే చైనా సాసేజ్ ముక్కలు కలపడం ఆనవాయితీ. చేమదుంపతో చేసి జల్లెడలాగా పైకి విచ్చుకొనే వూ గోక్ లోపల పంది కైమా ఉంటుంది. తామరాకులో చుట్టిన జిగురు బియ్యంలో కోడి మాంసం, సాసేజ్ ఉంటాయి. బన్ను మీద వేయించిన కొబ్బరి కోరు చల్లినట్లు లేత గోధుమరంగులో దూదిలాగా కనిపించేది తరచూ ఎండబెట్టి పీచుగా విడదీసిన పంది మాంసం. మామిడి పుడ్డింగులో జంతువుల ఎముకల నుంచి, చర్మం నుంచి తీసే జెలటిన్ వాడతారు. ఈ జాబితాను బెదరగొట్టడానికి చెప్పడం లేదు. మాంసాహారులకు ఇవే ఆ దుకాణంలోని మేలైన వంటకాలు. పంది మాంసం తినడానికి అభ్యంతరం లేనివారు ముల్లంగి కేకును వదులుకోకూడదని నా అభిప్రాయం.

పేస్ట్రీలలో వేటితో మొదలుపెట్టాలి

గుడ్డు తినేవారు ఎగ్ టార్టుతో మొదలుపెట్టాలి. ఇంగ్లీషువారి కస్టర్డ్ టార్టు ప్రభావంతో 1920లలో గ్వాంగ్‌జౌ నగరంలో పుట్టి, 1940ల నాటికి హాంకాంగ్ టీ దుకాణాలకు చేరిన ఈ చిరుతిండి పైపెంకు రెండు రకాలు: బిస్కెట్‌లాగా పొడిపొడిగా ఉండేది ఒకటి, పొరలుగా విడేది మరొకటి. హాంకాంగ్‌లో 1954 నుంచి ఉన్న తాయ్ చోంగ్ బేకరీ బిస్కెట్ పెంకు రకానికి ప్రసిద్ధం. సింగపూర్ సౌత్ బ్రిడ్జ్ రోడ్డులోని టాంగ్ హెంగ్ దుకాణంలో టార్టులు గుండ్రంగా కాక డైమండ్ ఆకారంలో ఉంటాయి. 1827లో కట్టిన శ్రీ మారియమ్మన్ ఆలయం కూడా ఆ రోడ్డు మీదనే ఉన్నది కాబట్టి, దర్శనానికి వెళ్ళిన మనవారు కాలినడకన ఆ దుకాణానికి పోవచ్చు. పైన నల్లటి మచ్చలు పడేలా కాల్చిన టార్టు వేరే సంతతి. అది పోర్చుగీసువారి రకం, ఆండ్రూ స్టో అనే ఆంగ్లేయుడు 1989లో హాంకాంగ్ సమీపంలోని మకావులో, కొలోఆన్ అనే చోట తెరిచిన బేకరీ ద్వారా ఆసియా అంతటికీ తెలిసింది. ఏ రకమైనా ఓవెన్ నుంచి తీసిన అరగంటలోపు తినాలి. చల్లారిన టార్టు మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం దానికి అన్యాయం చేయడమే.

పైనాపిల్ బన్నులో అనాస ఉండదు. పైన పరచిన, పంచదార కలిపిన పిండి ముద్ద కాలి, బీటలు వారి అనాస తొక్కలాగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. వేడి బన్నును మధ్యకు కోసి, మందపాటి చల్లని వెన్న ముక్కను ఇరికించి ఇచ్చేది హాంకాంగ్‌వారి అల్పాహారం. ఎగ్ టార్టు, పైనాపిల్ బన్ను తయారుచేసే విద్యలను హాంకాంగ్ ప్రభుత్వం 2014లో తన సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కొబ్బరి, పంచదార, వెన్న కూరిన పొడవాటి బన్నును కాక్‌టెయిల్ బన్ను అంటారు. అందులో మద్యం లేదు, మాంసమూ లేదు, కొబ్బరి అలవాటున్న మన నాలుకకు ఇది వెంటనే నచ్చుతుంది.

పొరల పేస్ట్రీలలో లో పో బెంగ్, అంటే భార్య కేకు, ప్రత్యేకంగా చెప్పుకోదగినది. దాని లోపలి పూర్ణం బూడిద గుమ్మడికాయతో చేస్తారు. మన ఇళ్ళల్లో వడియాలకూ, గుమ్మానికి దిష్టి తగలకుండా కట్టడానికీ వాడే ఆ కాయనే అక్కడ పంచదార పాకంలో ఊరవేసి, నువ్వులూ జిగురు బియ్యపు పిండీ కలిపి ముద్దగా చేస్తారు. రుచి ఘాటుగా ఉండదు, నమిలేకొద్దీ తెలుస్తుంది. పైపొరల్లో పంది కొవ్వు వాడే అవకాశం మిగతా వాటికన్నా దీనిలోనే ఎక్కువ కాబట్టి శాకాహారులు అడగక తప్పదు.

నువ్వుల ఉండ అయిన జిన్ దుయ్‌ను జిగురు బియ్యపు పిండితో చేసి, ఎర్ర చిక్కుడు గింజల ముద్దనో తామర గింజల ముద్దనో లోపల పెట్టి, నువ్వులు అద్ది నూనెలో వేయిస్తారు. పిండిలో గుడ్డు, పాలు ఉండవు. లోపలి ముద్దను దేనితో వేయించారో, ఏ నూనెలో వేయించారో అడిగి తెలుసుకొంటే శాకాహారులకు ఇదే అన్నిటికన్నా అనుకూలమైన వంటకం.

మూన్‌కేకులు చైనా పంచాంగంలో ఎనిమిదవ నెల పౌర్ణమికి వచ్చే శరత్కాలపు పండుగ కోసం చేసేవి. మన లెక్కలో అది సాధారణంగా భాద్రపద పౌర్ణమికి, కొన్ని ఏళ్ళలో ఆశ్వయుజ పౌర్ణమికి వస్తుంది. తామర గింజల ముద్ద మధ్యలో ఉప్పులో ఊరిన బాతుగుడ్డు పచ్చసొనను పెట్టి, అచ్చులో వత్తి కాలుస్తారు. ఒక్కరు ఒక కేకును పూర్తిగా తినడం పద్ధతి కాదు. దానిని చిన్న ముక్కలుగా కోసి, పాలూ పంచదారా లేని టీతో నలుగురూ పంచుకొంటారు. షుగర్ ఉన్నవారు ఒక చిన్న ముక్కతో ఆగిపోవాలి.

దుకాణంలో నడవవలసిన తీరు

ఉదయం పూట వెళ్ళాలి. మధ్యాహ్నం దాటాక మిగిలేవి అమ్ముడుపోనివే. కొత్త తరహా దుకాణాల్లో తలుపు దగ్గర ట్రేలు, పట్టకార్లు ఉంటాయి. ట్రే మీద కాగితం పరచుకొని, కావలసినవి పట్టకారుతో తీసుకొని, డబ్బు కట్టే చోటికి తీసుకువెళితే వారే విడివిడిగా సంచుల్లో పెడతారు. చేత్తో ముట్టి మెత్తదనం చూడటం, తీసినదానిని మళ్ళీ అరలో పెట్టడం మర్యాద కాదు. పాత తరహా దుకాణాల్లో గాజు బల్ల వెనుక నుంచి వారే తీసి ఇస్తారు. అక్కడ వేలితో చూపి, ఎన్ని కావాలో వేళ్ళతోనే చెప్పినా తప్పు పట్టరు. మాట కరుకుగా, వేగంగా ఉండవచ్చు. అది రద్దీ వలన వచ్చిన అలవాటే గాని కోపం కాదు. ప్రశ్నలన్నీ వరుసలో నిలబడి ఉన్నప్పుడే సిద్ధం చేసుకోవాలి. చాలా చిన్న దుకాణాలు కార్డు తీసుకోవు కాబట్టి చిల్లర నోట్లు దగ్గర ఉంచుకోవాలి. ఏమి కొనాలో తోచకపోతే ముందున్న చైనా అవ్వలు ఏ ట్రే వైపు చూపిస్తున్నారో గమనించాలి. గోడ మీది బొమ్మల పట్టిక కన్నా అది నమ్మదగిన సలహా.

డిమ్ సమ్ కోసం కూర్చొనేటప్పుడు

టీశాలలో కూర్చోగానే ఏ టీ కావాలని అడుగుతారు. మల్లెపూల టీ అందరికీ నప్పుతుంది. నల్లగా మట్టివాసనతో ఉండే పు-ఎర్ టీ నూనె పదార్థాలతో బాగుంటుంది. టీకి మనిషికి ఇంత అని బిల్లులో విడిగా పడుతుంది, దానికి ఆశ్చర్యపోనవసరం లేదు. తన కప్పులో పోసుకొనే ముందు పక్కవారికి, అందులోనూ పెద్దవారికి, పోయాలి. ఎవరైనా మనకు పోసినప్పుడు రెండు వేళ్ళతో బల్ల మీద మెల్లగా తడితే కృతజ్ఞత చెప్పినట్లు. కెటిల్ ఖాళీ అయితే మూతను కొద్దిగా పక్కకు జరిపి ఉంచితే చాలు, పిలవకుండానే వేడినీళ్ళు పోస్తారు.

కొన్ని చోట్ల బండ్ల మీద బుట్టలు తిప్పుతారు, తీసుకొన్నప్పుడల్లా మన బల్లకు ఇచ్చిన బిల్లు కార్డు మీద ముద్ర వేస్తారు. మరికొన్ని చోట్ల కాగితం మీద టిక్కు పెట్టి ఇవ్వాలి. ధర చిన్నది, మధ్యరకం, పెద్దది అని తరగతులుగా ఉంటుంది. ఒక్కసారిగా పది బుట్టలు తెప్పించడం మనవారు తరచూ చేసే పని. ఆవిరి వంటకం చల్లారితే పైపొర గట్టిపడుతుంది కాబట్టి మూడు నాలుగు తెప్పించి, అవి అయ్యాక మళ్ళీ చెప్పాలి.

రొయ్యలు ఇష్టపడే కృష్ణా, గుంటూరు జిల్లాలవారు రొయ్యల డంప్లింగు అయిన హార్ గావ్‌తో ఆరంభించాలి. గోధుమల నుంచి తీసిన స్టార్చ్‌తో చేసిన పైపొర ఉడికాక పారదర్శకమై లోపలి రొయ్య గులాబీరంగులో కనిపిస్తుంది. కనీసం ఏడు మడతలు ఉండాలని, పది ఉంటే మేలని వంటవారి లెక్క. చాప్‌స్టిక్‌తో ఎత్తినప్పుడు పొర చిరగకూడదు, అంటుకోకూడదు. ఒక దుకాణం పనితనాన్ని అంచనా వేయడానికి ఈ ఒక్క వంటకం చాలు. తరువాత పైన తెరిచి ఉండే సియు మై. అందులో రొయ్యలతోపాటు పంది మాంసం ఉంటుంది. తియ్యటి ఎర్రని పంది మాంసం కూరిన చార్ సియు బావ్ ఆవిరిలో ఉడికినదీ, ఓవెన్‌లో కాల్చినదీ రెండు రకాలుగా దొరుకుతుంది. బియ్యప్పిండి పలుచని రేకులను చుట్టి ఇచ్చే చ్యూంగ్ ఫన్‌లో ఏమీ కూరని రకం శాకాహారులకు పనికివస్తుంది. మీద పోసే సాస్ సోయాదేనా అని మాత్రం అడగాలి.

కారం లేదన్న ఫిర్యాదు గుంటూరువారి నుంచి తప్పక వస్తుంది. కాంటనీస్ వంట పదార్థపు తాజాదనాన్ని చూపించే వంట, అందులో కారం లేకపోవడం లోపం కాదు. మిరపనూనె అడిగితే ఇస్తారు. సంచిలోంచి పచ్చడి సీసా తీసి బల్ల మీద పెట్టేవారిని ఆపడం నా వల్ల కాదు గాని, మొదటి ముక్కనైనా ఉన్నదున్నట్లు తిని చూడమని మనవి. చాప్‌స్టిక్స్ పట్టుకోవడం రాకపోతే ఫోర్కు అడగవచ్చు, ఎవరూ నవ్వరు. వాటిని అన్నంలో నిలువుగా గుచ్చి ఉంచడం మాత్రం కూడదు. అది చనిపోయినవారి ముందు అగరువత్తులు గుచ్చినట్లుగా కనిపిస్తుంది.

విదేశం వెళ్ళకుండా చూడాలంటే

మనకు అందుబాటులో ఉన్నది కోల్‌కతా. విజయవాడ మీదుగా వెళ్ళే కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ఇప్పుడు హౌరాకు కాక దాని దగ్గరి శాలిమార్ స్టేషన్‌కు చేరుతుంది; చెన్నై–హౌరా మెయిల్ హౌరాకే వెళుతుంది. దాదాపు ఒక రోజు ప్రయాణం. పద్దెనిమిదవ శతాబ్దం చివర టాంగ్ ఆచ్యూ అనే వ్యాపారి బజ్‌బజ్ సమీపంలో చక్కెర మిల్లు పెట్టినప్పటి నుంచి ఆ నగరంలో చైనావారి నివాసం ఉన్నది. లాల్‌బజార్ దగ్గర టిరెట్టా బజార్‌లో తెల్లవారుజామున వీధి పక్కనే చైనా అల్పాహారం అమ్ముతారు. ఆదివారం రకాలు ఎక్కువ. ఆరు గంటలకల్లా అక్కడ ఉండాలి, ఎనిమిది దాటితే మిగిలేది తక్కువ. బావ్‌లు (ఆవిరి బన్నులు), సియు మై, చేప ఉండల సూపు, నువ్వుల ఉండలు దొరుకుతాయి. ఇది గాజు అరల బేకరీ కాదు, చైనావారి సంఖ్య తగ్గిపోయి అమ్మేవారిలో, తినేవారిలో ఇతరులు ఎక్కువయ్యారు. అయినా సొంత దేశంలో ఈ వంటకాలను ఇంత దగ్గరగా చూడగలిగే చోటు మరొకటి అరుదు. నగదు, సొంత సంచి వెంట ఉండాలి.

ఇంటికి తెచ్చుకొన్నాక

ఎగ్ టార్టు, క్రీము ఉన్న బన్ను ఆ రోజే తినాలి. ఏమీ కూరని బన్నులు మరునాటికి ఉంటాయి. బాదం బిస్కెట్లు గట్టి మూత డబ్బాలో చాలా రోజులు నిలుస్తాయి కాబట్టి ఊరికి తెచ్చుకోవడానికి అవే తగినవి. మాంసం కూరినవి సూట్‌కేసులో పెట్టవద్దు. పొరల పేస్ట్రీలను మైక్రోవేవ్‌లో వేడిచేస్తే మెత్తబడి సాగుతాయి. చిన్న ఓవెన్‌లో కొద్ది నిమిషాలు ఉంచితే మళ్ళీ గరగరలాడతాయి. ఆవిరి బన్నులను ఇడ్లీ పాత్రలో, కింద అరిటాకు ముక్కో బటర్ పేపరో వేసి, మూత లోపలి నీటిచుక్కలు మీద పడకుండా మూతకు పలుచని గుడ్డ చుట్టి, అయిదు నిమిషాలు ఆవిరి పట్టాలి. ఫ్రిజ్‌లో గట్టిపడిన బన్నుకు మరి రెండు మూడు నిమిషాలు పడుతుంది.